గేటు మీద పేరు కాదు, గేటు పాసు మీద పేరు చూడు

ప్రశ్న: అన్నా, మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున విరూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చంద్రాపూర్‌లో మెకానికల్ డిప్లమా చేశాను. కోర్పనా వైపు ఒక పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. కాంట్రాక్టరు కింద చేరాలట, నెలకు 18,500. ఆరు నెలలు పని చూసి కంపెనీ రోల్ మీదికి, అంటే సొంత ఉద్యోగిగా తీసుకుంటారట. ఇంకోపక్క సంగారెడ్డి వైపు ఆటో పార్టుల కంపెనీలో ట్రైనీగా 16,000 ఇస్తామంటున్నారు. నాన్న మాత్రం "పెద్ద కంపెనీ, ఇంటికి దగ్గర, కళ్లు మూసుకుని చేరు" అంటున్నాడు. లోపల నిజంగా ఎలా ఉంటుంది?

సమాధానం:

తమ్ముడూ, 1986లో మా నాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. నేను కళ్లు మూసుకునే చేరాను. తెరుచుకునేసరికి ఆరేళ్లు పట్టింది. మొత్తం 38 ఏళ్లు ఒకే గేటులోంచి లోపలికీ బయటికీ తిరిగి 2024లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మొదటి ఆరేళ్లు కాంట్రాక్టరు మనిషిని, మిగతా 32 ఏళ్లు కంపెనీ మనిషిని. రెండు వరసల్లోనూ నిలబడ్డాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. ఏ ఫ్యాక్టరీ అన్నది మాత్రం అడగకు. అన్నం పెట్టిన చోటు. పైగా నేను చెప్పబోయేది ఏ ఒక్క ఫ్యాక్టరీ సంగతీ కాదు.

ముందు మీ నాన్న అన్న "పెద్ద కంపెనీ" సంగతి చూద్దాం. మన బెల్టులో ఫ్యాక్టరీలు ఎవరివో గుర్తు తెచ్చుకో. ఆవార్‌పూర్‌ది ఎల్ అండ్ టీ అనుకుంటూ పెరిగాం, 2004లో అది అల్ట్రాటెక్ అయింది. గడ్చాందూర్‌లో మాణిక్‌గఢ్ సిమెంట్ సెంచరీ వాళ్లది, 2019లో అదీ అల్ట్రాటెక్‌లో కలిసింది. ఉప్పర్‌వాహీ అంబుజా, ఘుగ్గూస్ దగ్గరి ఏసీసీ 2022లో అదానీ చేతికి పోయాయి. నారండాలో మురళీ సిమెంటును దాల్మియా వాళ్లు తీసుకున్నారు. కిల్న్ (సిమెంటు కాల్చే కొలిమి) అదే, సున్నపురాయి గని అదే, గేటు ముందు టీ బండి కూడా అదే. యజమాని మాత్రం వేరు. సరిహద్దు దాటి చూసినా అంతే. ఆదిలాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్లు దాటింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి మళ్లీ 2018లో కొత్త యాజమాన్యం కింద కదిలింది. ఆ నాలుగేళ్లు అక్కడి మా బంధువులు ఎలా బతికారో చూశాను. కాబట్టి గేటు మీద ఎంత పెద్ద అక్షరాలున్నా వాటితో నీ ఉద్యోగానికి గ్యారంటీ రాదు. నువ్వు చూడాల్సింది నీ గేటు పాసు. దాని మీద యజమాని అని ఎవరి పేరు రాసి ఉంటుందో వాడే నీ యజమాని.

మా రోజుల్లో కంపెనీవాళ్లకు తెల్ల కార్డు, మాకు పసుపు కార్డు. పొద్దున ఆరుకు ముందు గేటు దగ్గర రెండు వరసలు. తెల్ల కార్డుల వరస చకచకా కదిలేది. మా వరసలో ప్రతి టిఫిన్ డబ్బా మూత తీసి చూసేవాళ్లు. లోపలికెళ్లాక ఒకే గేర్‌బాక్సు, ఒకే స్పానరు, ఒకే దుమ్ము. నేను బోల్టు బిగిస్తుంటే పక్కన కంపెనీ ఫిట్టరు టార్చి పట్టుకునేవాడు, లేదా వాడు బిగిస్తే నేను పట్టుకునేవాణ్ణి. క్యాంటీన్‌కి వెళ్లగానే మళ్లీ రెండు రకాలు. వాళ్లకు కూపన్ భోజనం, మాకు ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె. ఈ తేడా ఇప్పటికీ పోలేదు. కార్డుల రంగులు పోయి పంచింగ్ మిషన్లు వచ్చాయి, అంతే.

ఇక "ఆరు నెలల్లో రోల్ మీదికి" అన్న మాట. తమ్ముడూ, ఇది నేను 38 ఏళ్లు విన్నాను. అరచేతిలో వైకుంఠం. చెప్పేవాడు అబద్ధం చెప్తున్నాడని కూడా అనను. చాలాసార్లు కాంట్రాక్టరు సూపర్‌వైజరు మనసులో నిజంగానే ఆ ఆశ ఉంటుంది. కానీ ఆ సంతకం పెట్టే అధికారం వాడికి లేదు. కంపెనీలోకి మనుషులు వచ్చే దారులు వేరు. డిప్లమా ట్రైనీలను, ఇంజినీర్ ట్రైనీలను హెచ్‌ఆర్ వాళ్లు పరీక్ష పెట్టో కాలేజీకి వెళ్లో తీసుకుంటారు. ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌గా తీసుకుని అందులోంచి కొందరిని ఏరుకుంటారు. గనికి భూమి పోయినవాళ్లు, అంటే మన దగ్గర ప్రకల్పగ్రస్తులు అంటారే, వాళ్లు ఒప్పందం ప్రకారం వస్తారు. కాంట్రాక్టు వరసలోంచి తెల్ల కార్డు వరసలోకి దూకినవాళ్లు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో నేనొకణ్ణి. అది నా గొప్ప కాదు. 1992లో రెండో మిల్లు పెట్టారు, ఒక్కసారిగా మనుషులు కావలసి వచ్చారు. అప్పటి మెకానికల్ పెద్దసారు నా పేరు తనే రాసి పంపాడు. ఆ ఏడు మిల్లు పెట్టకపోయినా, ఆయన బదిలీ అయిపోయినా నా కథ వేరే.

కాంట్రాక్టు ఆరేళ్లలో నాకు ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. నా మిషన్ మారలేదు, నా లాకరు మారలేదు, కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ నేను మాత్రం "కొత్తగా చేరిన" మనిషినయ్యేవాణ్ణి. సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి. వాళ్లలో రెండోవాడు మాకు చేసిన పని చెప్తాను, ఎందుకంటే నువ్వు చెవిన ఇల్లు కట్టుకుని వినాల్సింది ఇదే. జీతంలోంచి పీఎఫ్ అని ప్రతి నెలా పట్టుకునేవాడు. చీటీ మీద ఆ అంకె ఉండేది కూడా. మా చెల్లి పెళ్లికి అడ్వాన్సు తీసుకుందామని నాగపూర్ పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాను. రాత్రి బండెక్కి, పొద్దున ఆఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. గుమాస్తా పెద్ద రిజిస్టరు తీసి, వేలు పెట్టుకుంటూ కిందికి దిగి, ఒకచోట ఆపి, "ఇక్కణ్ణుంచి ఖాళీ" అన్నాడు. 14 నెలలు. నా దగ్గర కోసిన డబ్బు అక్కడికి చేరనే లేదు. తిరిగొచ్చేసరికి ఆ కాంట్రాక్టరు పని ముగించుకుని వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. కంపెనీవాళ్లను అడిగితే "మీ కాంట్రాక్టరును అడగండి" అన్నారు. నేను నోరు మూసుకుని వచ్చేశాను. చెల్లి పెళ్లికి మా నాన్న ఎద్దుల జతలో ఒకదాన్ని అమ్మాడు.

అప్పుడు నాకు తెలియనిది ఏమిటంటే, కాంట్రాక్టరు కట్టకపోతే కట్టించాల్సిన బాధ్యత పని చేయించుకున్న కంపెనీదే. పీఎఫ్ అయినా, జీతం బకాయి అయినా. "అసలు యజమాని" అని చట్టంలో ఉన్న మాట కంపెనీ గురించే. ఇంకో సంగతి, సిమెంటు పరిశ్రమ రాష్ట్ర కార్మిక శాఖ కిందికి కాదు, కేంద్రం కిందికి వస్తుంది. అర్జీ పట్టుకుని తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లను చాలామందిని చూశాను. కేంద్ర అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది చెప్పులు అరగదీసుకున్నారో.

ఇప్పుడు మీకు యూఏఎన్ నంబరు ఉంది, ఎక్కడ పని చేసినా మారని ఒకే పీఎఫ్ నంబరు. ఫోన్‌లో పాస్‌బుక్ కనిపిస్తుంది. చేరిన రెండో నెల నుంచి ప్రతి నెలా చూసుకో. చీటీ మీద ఉన్న అంకె అక్కడ లేకపోతే వెంటనే అడుగు, పధ్నాలుగో నెలలో కాదు.

నీ 18,500 సంగతికి వద్దాం. అందులో బేసిక్, డీఏ కలిపి ఎంత అని అడుగు. 13,000 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,560 నీ వాటా పీఎఫ్ పోతుంది. అంతే మొత్తం వాళ్లూ వేయాలి, వాళ్ల వాటాలోంచి బేసిక్, డీఏల మీద 8.33 శాతం లెక్కన పెన్షన్ ఖాతాకు వెళ్తుంది. కొందరు కాంట్రాక్టర్లు రెండు వాటాలూ నీ 18,500లోంచే కోస్తారు, "సీటీసీ" (నీ మీద అయ్యే మొత్తం ఖర్చు) అని ఒక మాట చెప్పి. అడగకపోతే చెప్పరు. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమా, వస్తుంది, నీ వాటా 0.75 శాతం, అంటే 139 రూపాయలు. దగ్గరి డిస్పెన్సరీ ఎక్కడుందో ముందే కనుక్కో. అవసరం పడినప్పుడు వెతుక్కోవడం కష్టం. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు ఇవ్వాలి. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ రోజుల్లో 12 గంటలు చేయించి సింగిల్ రేటు రాసేవాళ్లుంటారు, నీ డైరీలో నువ్వు గంటలు రాసుకో. నేను 32 ఏళ్లు రాసుకున్నాను, ఆ డైరీలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, మా ఆవిడ పాత పేపర్లతో అమ్మేస్తానని బెదిరిస్తూ ఉంటుంది.

గ్రాట్యుటీ గురించి కుర్రాళ్లు అసలు ఆలోచించరు. ఆఖరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది లెక్క. 26,000 ఉన్నవాడికి ఏడాదికి 15,000, ఇరవై ఏళ్లకు 3 లక్షలు. మామూలుగా ఐదేళ్లు వరసగా ఉంటేనే వస్తుంది. కాంట్రాక్టరు మూడేళ్లకోసారి మారితే ఎక్కడ కత్తెర పడుతుందో నీకే అర్థమవుతుంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంతకాలమని రాసుకున్న ఒప్పందం మీద చేరినవాడికి ఏడాది పూర్తయితే చాలు, గ్రాట్యుటీ వస్తుంది. అపాయింట్‌మెంట్ లెటరు అందరికీ ఇచ్చి తీరాలి. కాబట్టి "లెటరు తర్వాత ఇస్తాం, ముందు రేపు షిఫ్టుకు వచ్చేయ్" అన్నాడంటే అక్కడే నీకు జవాబు దొరికినట్టు.

డబ్బు మాటలు చాలు. పని ఎలా ఉంటుందో చెప్తాను, నువ్వు అసలు అడిగింది అది.

సిమెంటు ఫ్యాక్టరీ అంతా ఒక గొట్టం చుట్టూ తిరుగుతుంది. కిల్న్. ఇంత పొడవున పడుకున్న ఇనుప గొట్టం, లోపల అంతా ఇటుక, కొంచెం వాలుగా ఉండి నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతుంది. పక్కన నూరు మీటర్ల దాకా ఎత్తున్న టవరు, దాన్ని ప్రీహీటర్ అంటారు. సున్నపురాయి పొడి పై నుంచి సైక్లోన్‌లనే పెద్ద గరాటుల్లో దిగుతూ వేడెక్కి, కిల్న్‌లో పడేసరికి ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీలు. లోపల 1,450 డిగ్రీలకు కాలి క్లింకర్ అనే నల్ల గోళీలై అటు చివర కూలర్‌లో పడుతుంది. దాన్ని జిప్సం కలిపి నూరితే సిమెంటు. మనవైపు చంద్రాపూర్ థర్మల్ స్టేషన్ ఉంది కాబట్టి బూడిదకు కరువు లేదు, పీపీసీ అనే రకం సిమెంటు సంచిలో 15 నుంచి 35 శాతం దాకా ఆ బూడిదే. ఎండాకాలం బయటే 47 ఉంటుంది చంద్రాపూర్ జిల్లాలో, ఇక ప్రీహీటర్ ఐదో అంతస్తులో ఎంత ఉంటుందో ఊహించుకో. మే నెలలో పై నుంచి కిందికి దిగితే ఎండే చల్లగా అనిపిస్తుంది. నిజంగా.

నాకు బాగా గుర్తుండిపోయిన రాత్రి ఒకటుంది. అప్పటికి నాకు సర్వీసు పదకొండేళ్లు. మరాఠీవాళ్లు రాత్‌పాళీ అంటారు చూడు, నైట్ షిఫ్టు, మూడు గంటలప్పుడు. సీసీఆర్ (కంట్రోల్ రూమ్) నుంచి ఫోన్, నాలుగో సైక్లోన్ జామ్. పొడి కిందికి దిగక కోన్‌లో గడ్డకట్టింది. ఫీడు ఆపేశారు. చిన్న కన్నం తెరిచి పొడుగాటి పైపుతో గాలి కొట్టి దాన్ని కదిలించాలి. పొడి ఇరుక్కున్నంతసేపూ రాయిలా ఉంటుంది. కదిలిందా, నీళ్లలా పారుతుంది. ఎనిమిది వందల డిగ్రీల నీళ్లు అనుకో. అందుకే కింది అంతస్తుల్లో ఒక్కడు కూడా ఉండకూడదు. కిల్న్‌కి అటు చివర, కూలర్ దగ్గర కూడా ఉండకూడదు, ఎందుకంటే వదిలిన పొడి కిల్న్‌లోంచి అక్కడి దాకా పరుగెత్తుతుంది. ఇది ఏ కొత్తవాడికీ తోచదు. ఇక్కడ పొడిస్తే అక్కడ కాలుతుందని ఎవడనుకుంటాడు?

ఆ రాత్రి అల్యూమినియం సూటు వేసుకుని మేమిద్దరం పొడుస్తున్నాం. కన్నానికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి. ఉత్పత్తి సారు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎంతసేపని. మూడోసారి చేస్తే నేను ఎత్తలేదు. నా జతగాడు, పేరెందుకు, మన తెలుగువాడే, ఒక్క క్షణం చూపు అందక ఎదురుగా వంగాడు. నేను కాలర్ పట్టి లాగాను. అదే సమయానికి కన్నంలోంచి ఎర్రటి నాలుక ఒకటి బయటికొచ్చి మెట్ల కమ్మీని తాకింది. వాడి చేతి గ్లవుజు, మణికట్టు కాలాయి. మొహం మిగిలింది. వాడు ఇప్పుడు రాజురాలో మనవళ్లను బడికి దింపుతూ కనిపిస్తాడు. చేతి మీద మచ్చ చూపించి "ఇది ఉత్పత్తి సారు మూడో ఫోన్" అంటాడు.

ఇప్పుడు పద్ధతులు బాగుపడ్డాయి, అబద్ధం చెప్పను. పర్మిట్ లేకుండా పని లేదు, మోటారుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాకే బెల్టు ఎక్కాలి. కానీ తాళం వేసే పది నిమిషాలు నీ సూపర్‌వైజరుకు పది గంటల్లా కనిపించే రోజు ఒకటి వస్తుంది. కాంట్రాక్టు మనిషివైతే "నువ్వెక్కకపోతే రేపటి నుంచి రావద్దు" అన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ రోజు ఏం చేస్తావో ఇప్పుడే తేల్చుకుని రా. అక్కడికెళ్లాక ఆలోచించే తీరిక ఉండదు.

అన్నీ ఇలాంటివే అనుకోకు. ఈ పనిలో ఒక రకమైన మజా ఉంది, అది లేకపోతే నేను 38 ఏళ్లు ఉండేవాణ్ణి కాదు. శ్రావణంలో ఒక రాత్రి పెద్ద వాన, కరెంటు మొత్తం పోయింది. వేడి కిల్న్ కదలకుండా నిలబడితే దాని బరువుకు అదే వంగిపోతుంది. పైన వాన పడితే ఇంకా ప్రమాదం, పైవైపు చల్లబడి కిందివైపు కాలుతూ ఉంటుంది కదా. అలాంటప్పుడు డీజిల్ ఇంజిన్ మీద నడిచే చిన్న డ్రైవ్‌తో మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆ రాత్రి ఇంజిన్ మొరాయించింది. చీకట్లో, టార్చీల వెలుగులో, నలుగురం దాని మీద పడి ఫిల్టరు విప్పి, గాలి తీసి, ఎట్టకేలకు స్టార్ట్ చేశాం. వాన చప్పుడులో అంత పెద్ద గొట్టం కీచుమంటూ పావు చుట్టు తిరిగింది. అక్కడున్న మరాఠీ, తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢ్ నోళ్లన్నీ ఒకేసారి అరిచాయి. ఆ అరుపు ఏ భాషో నాకు తెలియదు. పొద్దున పెద్దసారు వచ్చి అందరికీ పోహా, చాయ్ తెప్పించాడు. పేపర్లో రాలేదు, ప్రమోషన్ రాలేదు. ఇప్పటికీ మేం కలిస్తే ముందు ఆ రాత్రే మాట్లాడుకుంటాం.

భాష సంగతి నీకు ఇబ్బంది కాదు. లోపల హిందీ, కాగితాల మీద ఇంగ్లీషు, ఊళ్లో మరాఠీ, టిఫిన్ దగ్గర తెలుగు. మా ఇంట్లోనే చూడు, రాజురా తాలూకా నిజాం రాజ్యంలో ఉండేది కాబట్టి మా తాత పట్టా కాగితం ఉర్దూలో ఉంది. 1956లో అప్పటి బొంబాయి రాష్ట్రంలో, అంటే నేటి మహారాష్ట్రవైపు కలిశాక మా నాన్న సాత్‌బారా (భూమి కాగితం) మరాఠీలో వచ్చింది. మా అమ్మ మాత్రం ఎవరు పాలించినా తెలుగులోనే తిట్టింది. జివతి కొండల మీద డజనుకు పైగా ఊళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి కదా, అక్కణ్ణుంచి వచ్చిన కుర్రాడొకడు మా సెక్షన్‌లో ఉండేవాడు. ఎన్నికల సెలవు రెండుసార్లు అడిగేవాడు.

అయితే ఈ సరిహద్దు బతుకు నీకు ఒకచోట పనికొస్తుంది. మహారాష్ట్రలో ప్రభుత్వ రాయితీలు తీసుకునే పరిశ్రమలు సూపర్‌వైజరీ కాని ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకు ఇవ్వాలని విధానం ఉంది. పదిహేనేళ్ల నివాసం చూపించే డొమిసైల్ సర్టిఫికెట్ కావాలి. నీది విరూర్ కాబట్టి నీకు వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, మనకెవరిస్తారులే అని చాలామంది అసలు తీసుకోనే తీసుకోరు. వారంలోగా తహసీల్ ఆఫీసులో అర్జీ పెట్టు. సిమెంటులో చేరినా చేరకపోయినా పెట్టు.

కుటుంబం గురించి. కంపెనీ మనిషికి కాలనీలో క్వార్టరు, నీళ్లు, కరెంటు, పిల్లలకు ఇంగ్లీషు మీడియం బడి. మా పిల్లలు ఆ బడిలోనే చదివారు, అందుకు ఆ గేటుకు దణ్ణం పెట్టుకుంటాను. బతుకమ్మ రోజున కాలనీ చెరువు దగ్గర మనవాళ్లు ఆడుతుంటే మరాఠీ ఆడవాళ్లూ కలిసేవారు. ఎద్దుల పండగ పోళా రోజున ఎద్దులున్న ఇంటి పిల్లలెవరూ షిఫ్టుకు రారు, ఏ ఫోర్‌మనూ అడగడు. కాంట్రాక్టు మనిషికి ఇవేవీ ఉండవు. బయట గది అద్దె, నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే రేకుల కింద నిద్ర పట్టదు. షిఫ్టు మారే వారం భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి చీటీలు రాసుకోవాలి. పెళ్లయ్యాక ఇది ఇంకా తెలుస్తుంది.

ఒంటి గురించి ఒక్క మాట. నాకు కుడి చెవి సగం వినపడదు, సిమెంటు నూరే బాల్ మిల్లు చప్పుడు తిన్నది. చెవులకు ప్లగ్గులు ఇస్తారు, పెట్టుకో. మాస్కు చెమటకు అంటుకుని చిరాకు పుడుతుంది, అయినా తీయకు. తడి సిమెంటు సాక్సులోకి పోతే వెంటనే కడుక్కో, అది సున్నం, తోలు తినేస్తుంది.

ఇక నీ రెండు ఆఫర్ల లెక్క. 18,500, 16,000 మధ్య ఉన్న 2,500 తేడాను చూడకు. సంగారెడ్డిలో గది అద్దె, తిండి పోతే ఇంకా తేడా వస్తుందని మీ నాన్న అంటాడు, అది నిజమే. కానీ నీ చేతికి ఏ పని వస్తుందన్నది చూడు. సిమెంటులో కాంట్రాక్టు మెయింటెనెన్స్ అంటే రెండు రకాలు. ఒకటి, కిల్న్, మిల్లు, గేర్‌బాక్సు సెక్షన్. రెండోది, ఒలికిన పొడి ఎత్తడం, ప్యాకింగ్ ప్లాంట్‌లో బెల్టు కింద శుభ్రం చేయడం, పేరుకు మాత్రం మెయింటెనెన్స్. మొదటిది దొరికితే రా. రెండేళ్లు డయల్ గేజ్ పట్టుకుని కప్లింగ్ అలైన్‌మెంట్ నేర్చుకో, బేరింగ్ చప్పుడు విని చెప్పగలగాలి, హైడ్రాలిక్ డ్రాయింగ్ చదవగలగాలి. ఆ చేతితో నువ్వు మంచిర్యాల, తాండూరు, గల్ఫు ఎక్కడికైనా పోవచ్చు. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు ముగ్గురు ఒమన్‌లో సిమెంటులోనే ఉన్నారు, నాకంటే ఎక్కువ సంపాదిస్తున్నారు. రెండో రకం అయితే సంగారెడ్డికే పో. ట్రైనీ లెటరు కంపెనీ పేరు మీదే ఉంటే ఇంకా మంచిది, అది కనుక్కో. అలా అని అక్కడ ట్రైనింగ్ అయ్యాక అందరినీ ఉంచుతారని అనుకోకు. ఆటో పార్టుల్లోనూ ఇదే కథ ఉంది, నేను చూడలేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

కాంట్రాక్టరు మనిషిని కలిసినప్పుడు మొహమాటపడకుండా అడుగు: ఏ సెక్షన్, లెటరు ఎప్పుడిస్తారు, పీఎఫ్ నా యూఏఎన్‌లోనే వేస్తారా, ఓవర్‌టైమ్ రేటు ఎంత, మీ కాంట్రాక్టు ఇంకా ఎన్నాళ్లుంది. ఆఖరి ప్రశ్నకు వాడు నీళ్లు నమిలితే, ఇంకో నాలుగు నెలల్లో కొత్త టెండరు ఉందన్నమాట. కొత్తవాడు వచ్చాక మళ్లీ నువ్వు కొత్తవాడివే.

నువ్వు మొదటి రకం పనిలోనే చేరితే, మొదటి రోజుకు నూలు చొక్కాలు, నూలు ప్యాంట్లు తెచ్చుకో. పాలిస్టర్ వద్దు, వేడి తగిలితే ఒంటికి అంటుకుపోతుంది. బూట్లు వాళ్లు ఇచ్చేదాకా ఆగకు, నీ సైజు దొరకడానికి నెల పడుతుంది. రాజురా బస్టాండు ఎదురుగా దొరుకుతాయి, కొంచెం బేరమాడు.